గోదావరి జిల్లాల్లో మోడల్ రైల్వే పనిబల్ల: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా, కాకినాడ నుంచి భీమవరం దాకా, ఇంట్లో చిన్న రైళ్లు చేసుకుందామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బయటి దేశాలవాళ్లు రాసిన సలహాల్లో పనిబల్ల ఎప్పుడూ పొడిగా ఉండే గదిలో ఉంటుంది. మనకు ఒకపక్క కాలవ, ఇంకోపక్క చేలు, దగ్గర్లోనే సముద్రం. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరుకారే ఊళ్లు మనవి. అందుకే ఇక్కడి జవాబుల్లో సగం చెమ్మ గురించే ఉంటాయి. నేను పాలకొల్లు దగ్గర ఉంటాను. నరసాపురం బండి కూత మా వసారాలోకి వినిపిస్తుంది. కింద రాసినవన్నీ ఆ వసారా పక్క గదిలో చేసి చూసినవే.

పనికి వేరే బల్ల ఎందుకు? డైనింగ్ టేబుల్ మీద చేసుకోకూడదా?

నెల రోజులు చేసుకోవచ్చు. ఆ తర్వాత రోజూ భోజనాల వేళకి సామాన్లు తీయడం, మళ్లీ సర్దడం విసుగొచ్చి పనే ఆగిపోతుంది. అంతకంటే ముఖ్యమైన కారణం టంకంలో ఉండే సీసం. అన్నం తినే చోట అది ఉండకూడదు. రెండడుగుల బల్లయినా సరే, సగం చేసిన రైలు పెట్టెను అలాగే వదిలేసి లేచి వెళ్లగలిగే చోటు కావాలి.

ఇంట్లో ఏ గది మంచిది?

పెంకుటిల్లయితే మధ్య గది. పెంకుల కింద దుమ్ము రాలుతూనే ఉంటుంది కాబట్టి బల్లకు పైన గుడ్డతోనో ప్లాస్టిక్ షీటుతోనో పందిరిలా కట్టుకోండి. మండువా ఇళ్లలో మండువా వైపు తెరుచుకునే గదిలోకి జల్లు కొడుతుంది, అది వద్దు. డాబా మీద గది చూడ్డానికి బాగుంటుంది గానీ ఎండాకాలం మధ్యాహ్నం అక్కడ ప్లాస్టిక్ పెట్టెలు వంకర్లు పోతాయి. కింది అంతస్తులో, బాత్రూం గోడకు ఆనుకోని గది దొరికితే అదే ఖాయం చేసుకోండి.

గోడను అరచేత్తో తాకి చూడండి. కింది రెండు మూడడుగులు సున్నం పొక్కి రాలుతుంటే నేల చెమ్మ పైకి ఎక్కుతోందని అర్థం. అలాంటి గోడకు బల్లను ఆనించొద్దు. నాలుగంగుళాలు ఎడం ఉంచితే గాలి ఆడుతుంది, చెద పాకినా కంటబడుతుంది.

బల్లకి ఏ చెక్క వాడాలి?

ఇక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు. నా మొదటి బల్ల చెక్కపొట్టు నొక్కి చేసిన బోర్డుది, పైన తెల్లటి లామినేట్. కొన్నప్పుడు అద్దంలా ఉంది. ఆషాఢం వచ్చేసరికి ముందు అంచు దగ్గర లామినేట్ కింద వేలెడు వెడల్పున ఉబ్బింది. శ్రావణంలో ఆ ఉబ్బు బల్ల మధ్యకు పాకింది. దాని మీద వేసిన పట్టా మీద ఇంజన్ ఒక్కచోట ఎగిరి పడేది. నేను చక్రాలదే తప్పనుకుని మూడు వారాలు చక్రాలు మార్చాను. చివరికి రసమట్టం పెట్టి చూస్తే బుడగ ఒక మూలకి పోయింది. తప్పంతా బల్లది. అమ్మిన షాపువాళ్లు నీళ్లు తగిలి ఉంటాయన్నారు. చుక్క నీరు తగల్లేదు, గాలే తగిలింది.

కాబట్టి చెక్కపొట్టు బోర్డు, ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన బోర్డు) మన గాలికి పనికిరావు. మరిగే నీటిని తట్టుకునే ప్లైవుడ్ అడగండి. దాని మీద ఐఎస్ 710 అనే ముద్ర ఉంటుంది. 19 మిల్లీమీటర్ల మందం చాలు. ఎనిమిది బై నాలుగు షీటును నిలువునా చీలిస్తే రెండడుగుల వెడల్పు ముక్కలు రెండొస్తాయి. ఒకటి బల్లకి. రెండోదాంట్లో కింది అర, పనిముట్ల పలక వస్తాయి. కోసిన అంచులకి తప్పకుండా రెండు పూతలు వార్నిష్ వేయించండి. నీరు పీల్చేది ముఖం కాదు, అంచు. అడుగు భాగానికీ వేయాలి. ఒకవైపే వార్నిష్ వేస్తే ఒకవైపే చెమ్మ పీల్చి పలక వంగుతుంది.

పాత టేకు తలుపు దొరికితే? చాలా బలమైన బల్ల అవుతుంది. అయితే వెడల్పు పలకలు కాలాన్నిబట్టి సాగుతాయి, ముడుచుకుంటాయి. పని చేసుకోవడానికి బాగుంటుంది, పట్టాలు శాశ్వతంగా బిగించడానికి మాత్రం ప్లైవుడ్డే నయం.

కాళ్లు ఇనప చదరపు గొట్టాలతో వెల్డింగ్ చేయించి, రెడాక్సైడ్ మీద పెయింట్ వేయించండి. అడుగున రబ్బరు బుష్షులు. చెక్క కాళ్లయితే చెదకి నిచ్చెన వేసినట్టే.

ఎత్తు, వెడల్పు ఎంత ఉండాలి?

కూర్చుని చేసే పనికి 75 సెంటీమీటర్లు అంటారు. సన్న పనికి అది తక్కువ, మెడ వంగిపోతుంది. నేను 85 పెట్టించి, ఎత్తు స్టూలు వేసుకున్నాను. నిలబడి కోసేవాళ్లకి మోచేతికి కాస్త కింద ఉండాలి. లోతు రెండడుగులు దాటితే గోడవైపు పెట్టినవి అందవు, అక్కడ దుమ్మే పేరుకుంటుంది. పొడవు మాత్రం వీలైనంత పెంచుకోండి. ఎందుకో కింది ప్రశ్నలో తెలుస్తుంది.

ఏ స్కేలు ఎంచుకుంటే మన బల్లకి సరిపోతుంది?

స్కేలు అంటే అసలు బండిని ఎన్నో వంతుకి తగ్గించి చేస్తున్నామన్నది. ఎక్కువగా వాడేవి రెండు. హెచ్‌ఓ అంటే 87 వంతుల్లో ఒక వంతు, ఎన్ అంటే 160లో ఒక వంతు. పట్టాల మధ్య దూరం హెచ్‌ఓలో 16.5 మిల్లీమీటర్లు, ఎన్‌లో 9.

మన బండ్ల లెక్క వేసి చూడండి. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం రైలు పెట్టె పొడవు 23.5 మీటర్లు. హెచ్‌ఓలో అది 27 సెంటీమీటర్లు, ఎన్‌లో 15కి కాస్త తక్కువ. ఆరడుగుల బల్ల మీద హెచ్‌ఓలో ఇంజన్‌తో నాలుగైదు పెట్టెలు నిలబెట్టగలరు, కదలడానికి చోటుండదు. ఎన్‌లో ఏడెనిమిది పెట్టెలు పెట్టినా కాస్త చోటు మిగులుతుంది. వంపులు పెట్టె పొడవుకి కనీసం రెండున్నర రెట్లు వ్యాసార్ధం ఉంటేనే చూడ్డానికి బాగుంటాయి. అంటే హెచ్‌ఓలో 67 సెంటీమీటర్లు పైనే.

గోదావరి వంతెన చేయాలన్నది ఈ ప్రాంతంలో ప్రతివాళ్ల కోరిక, నాదీ అదే. 1997లో వచ్చిన ఆర్చి వంతెనలో 28 ఖానాలు (రెండు స్తంభాల మధ్య భాగాలు) ఉన్నాయి, ఒక్కొక్కటి 97.5 మీటర్లు. ఎన్ స్కేలులో ఒక్క ఖానా 61 సెంటీమీటర్లు. మొత్తం చేయాలంటే 17 మీటర్ల హాలు కావాలి. హెచ్‌ఓలో ఒక్క ఖానాయే 112 సెంటీమీటర్లు. 1900లో తెరిచిన పాత హేవలాక్ వంతెన ఖానాలు 45.7 మీటర్లే కాబట్టి ఎన్‌లో 29 సెంటీమీటర్ల లోపు వస్తాయి. ఆరడుగుల బల్ల మీద ఆరు ఖానాలు పడతాయి. అందుకే నేను దాన్నే ఎంచుకున్నాను. బల్ల పొడవు పెంచుకోమన్నది ఇందుకే.

ఇంకో మాట. 16.5 మిల్లీమీటర్ల పట్టా 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోయేది. మన బ్రాడ్‌గేజి 1676. హెచ్‌ఓలో అది 19.3 రావాలి. చాలామంది ఆ తేడాకి సర్దుకుపోయి దొరికే పట్టానే వాడతారు, నేనూ అంతే. ఖచ్చితంగా ఉండాలనుకునేవాళ్లు పట్టాలు చేత్తో వేసుకోవాలి, చక్రాల ఇరుసులు కూడా మార్చుకోవాలి.

చెమ్మ నుంచి సామాను ఎలా కాపాడుకోవాలి?

ముందు తేమ మీటరు ఒకటి కొనండి, అరచేతిలో పట్టే చిన్నది చాలు. మా గదిలో శీతాకాలం మధ్యాహ్నం 55 శాతం చూపిస్తుంది, ముసురు పట్టిన వారంలో 85 దాటుతుంది. సామాను పెట్టే చోట 45 నుంచి 60 మధ్య ఉంచగలిగితే తుప్పు, బూజు రెండూ అదుపులో ఉంటాయి.

గదంతా ఆరబెట్టడం మనవల్ల కాదు, సామాను డబ్బాను ఆరబెట్టడం అవుతుంది. రబ్బరు అంచున్న, గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలు తీసుకుని అందులో సిలికా జెల్ వేయండి. నారింజ రంగుది అడగండి, చెమ్మ పీల్చాక రంగు మారుతుంది. నీలం రంగుదాంట్లో కోబాల్ట్ ఉంటుంది, అది విషం. దాన్ని ఇంట్లో వేడి చేయడం మంచిది కాదు. రంగు మారిన జెల్‌ని వంటకి వాడని పాత మూకుట్లో సన్న సెగ మీద వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. బియ్యం మూట వేస్తే చాలని కొందరు చెబుతారు. బియ్యం పీల్చేది తక్కువ, పురుగులు మాత్రం తప్పకుండా వస్తాయి.

పెద్ద అలమరకైతే పాత పద్ధతి ఒకటుంది: లోపల పాత రకం జీరో వాట్ బల్బు వెలిగించి ఉంచడం. పేరుకే జీరో, నిజానికి సుమారు 15 వాట్లు తీసుకుంటుంది. ఆ వెచ్చదనానికి లోపలి గాలి పొడిగా ఉంటుంది. ఎల్‌ఈడీతో ఈ పని కాదు, అది వేడెక్కదు. బల్బుకి జానెడు దూరంలో ప్లాస్టిక్ గానీ థిన్నర్ గానీ ఉండకూడదు, అలమరకు గాలి కంతలు ఉండాలి.

పట్టాలు కొనేటప్పుడు నికెల్ సిల్వర్‌వే కొనండి. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి లేదు. రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. స్టీలు పట్టా మన దగ్గర ఒక్క వానాకాలానికే ఎర్రబడుతుంది. ఇత్తడి పట్టా మీద పట్టే నలుపు కరెంటును ఆపేస్తుంది. మురికిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని గుడ్డతో తుడవండి. ఇసుక కాగితం పెట్టి రుద్దకండి. ఆ గీతల్లోకే మళ్లీ మురికి చేరుతుంది.

పనిముట్లకు కుట్టుమిషన్ నూనె చాలు. వాడాక చేతి చెమట తుడిచి, నూనె గుడ్డతో ఒకసారి రాసి పెట్టండి.

లైటు, ఫ్యాను ఎలా అమర్చుకోవాలి?

రెండు దీపాలు, రెండు పక్కల నుంచి. ఒక్క దీపమైతే మీ చేతి నీడ సరిగ్గా పనిచేస్తున్న చోటే పడుతుంది. బల్బు అట్టపెట్టె మీద సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉందేమో చూడండి. తక్కువైతే పెట్టెలకు వేసే నీలం, ఎరుపు రంగులు రాత్రి ఒకలా, పగలు ఇంకోలా కనిపిస్తాయి.

సీలింగ్ ఫ్యాను సన్న ముక్కలన్నీ ఎగరగొడుతుంది. అలాగని రోహిణి కార్తెలో ఫ్యాను లేకుండా కూర్చోలేం. బల్ల కింద, కాళ్లకు గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టుకుంటే ఒంటికి చల్లగానూ ఉంటుంది, బల్ల మీద కాగితమూ కదలదు.

కరెంటు విషయంలో ఏం చూసుకోవాలి?

బల్లకి విడిగా ఒక స్విచ్చు. అది తీస్తే టంకం కడ్డీతో సహా అన్నీ ఆగిపోవాలి, గది తలుపు దగ్గర ఉంటే ఇంకా మంచిది. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో అది పెట్టించాకే పని మొదలుపెట్టండి. మన నేలలు చెమ్మగా ఉంటాయి, షాక్ గట్టిగా తగులుతుంది. కాళ్లకు చెప్పులుండాలి. మామూలు డీసీ రైలుకి పట్టాల మీద ఉండేది 12 వోల్టులే, దానితో భయం లేదు. భయమంతా గోడ దగ్గరి 230తోనే.

టంకం పెట్టడం ఎలా నేర్చుకోవాలి?

బల్ల మీద చేసే పనుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. పట్టాకి తీగ అతికించడంతో మొదలుపెట్టండి. పట్టా పక్క గోడను, అంటే బయటికి కనిపించని వైపు, సన్న ఆకురాయితో మెరిసేదాకా గీకండి. ఒక చుక్క రోజిన్ ఫ్లక్స్ (టంకం బాగా పట్టేలా చేసే మందు) రాయండి. కడ్డీ మొనను తడి స్పాంజి మీద తుడిచి, పట్టా మీద పల్చగా ఒక పొర టంకం ఎక్కించండి. తీగ కొసకూ అలాగే. ఇప్పుడు తీగను పట్టాకి ఆనించి కడ్డీతో తాకించండి. ఒక క్షణం ఏమీ జరగదు. తర్వాత ఆ బూడిదరంగు పొర ఒక్కసారిగా పాదరసంలా మెరిసి, తీగ చుట్టూ పారుతుంది. కడ్డీ తీసేయండి, తీగను కదపకుండా మూడు అంకెలు లెక్కపెట్టండి. మెరుపు కాస్త తగ్గి గట్టిపడుతుంది. రెండు సెకన్లకు మించి కడ్డీ ఉంచితే కింది ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. అందుకే రెండుపక్కలా తడి దూది పెట్టుకోవాలి.

60/40 టంకం వాడండి, 190 డిగ్రీల లోపే కరుగుతుంది. రేకు పనివాళ్లు, రేడియేటర్లు బాగుచేసేవాళ్లు వాడే యాసిడ్ ఫ్లక్స్ మాత్రం బల్ల దగ్గరికి రానివ్వకండి. మన చెమ్మలో అది అతుకునే కాదు, పక్కన పెట్టిన పనిముట్లను కూడా తినేస్తుంది. పొగ మొహానికి రాకుండా పక్కకు పోయేలా చిన్న ఫ్యాను పెట్టండి. లేచాక సబ్బుతో చేతులు కడగండి.

ఫెవిక్విక్ ఇక్కడ తొందరగా గట్టిపడుతోంది. ఎందుకు?

అది గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. మన దగ్గర తేమకు కరువు లేదు కాబట్టి ముక్కను సరిచేసుకునే వ్యవధి ఉండదు. ప్లాస్టిక్ చుట్టూ తెల్లటి మసక కూడా పడుతుంది. సీసాను సిలికా జెల్ వేసిన డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, పైన పెద్దక్షరాలతో పేరు రాయండి. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తీయొద్దు, లేకపోతే లోపలే నీరు పడుతుంది. ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ అతికించడానికి ప్లాస్టిక్ సిమెంటు, లోహానికి ఎరాల్డైట్, చెక్కకు ఫెవికాల్ మంచివి.

పెయింట్ వేయడానికి మంచి కాలం ఏది?

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా, పొద్దున పదకొండు నుంచి మూడు వరకు. ముసురులో డూకో లాంటివి స్ప్రే చేస్తే ఆరేటప్పుడు నీరు పట్టి పాలలా తెల్లబడతాయి. మే నెల ఎండలో రంగు ముక్కను చేరకముందే గాల్లో ఆరి గరుకుగా పడుతుంది. కిటికీ పక్కన, ముక్కుకి తగిన మాస్కుతో, దీపం సెగ లేని చోట వేయండి.

గోదావరి ఇసుకను కంకరగా వాడొచ్చా?

వాడొచ్చు, రంగు కూడా బాగా కలుస్తుంది. అయితే ఏటి ఇసుకే తీసుకోండి. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, ఎన్నిసార్లు కడిగినా నాకు నమ్మకం కుదరలేదు.

కడిగి, ఎండబెట్టి, మూకుట్లో వేయించాక చేయాల్సిన పని ఒకటుంది, దీన్ని దాటేయొద్దు. అయస్కాంతాన్ని పల్చటి ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇసుకలో తిప్పండి. కవరు తీసి చూస్తే నల్లటి మీసాల్లా గింజలు అంటుకుని ఉంటాయి. మన ఇసుకలో ఇనప ఖనిజం కలిసి ఉంటుంది, ఒడ్డున నల్లటి చారలుగా కనిపించేది అదే. ఆ గింజలు పట్టాల మధ్య ఉంటే ఇంజన్ మోటారులోని అయస్కాంతం లాక్కుంటుంది, పళ్లచక్రాలు అరిగిపోతాయి. నా మొదటి ఇంజన్ అలాగే పోయింది. కవరుకు ఏమీ అంటనిదాకా తిప్పండి, నాలుగైదు సార్లు పడుతుంది.

మన కంకర రాళ్లు పెద్దవి 65 మిల్లీమీటర్లు. హెచ్‌ఓలో అది ముప్పావు మిల్లీమీటరు, ఎన్‌లో 0.4. టీ వడగట్టే జల్లెడలు రెండు రకాల కన్నాలవి పెట్టుకుంటే సరిపోతుంది.

పాకల కప్పుకి కొబ్బరి పీచు చక్కగా పనికొస్తుంది. ఊక, తవుడు, ఎండుగడ్డి వాడొద్దు, పురుగు పడుతుంది.

చీమలు, చెద, ఎలుకలు?

పూర్వం వంటింటి అలమర కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవారు. చీమలకి ఇప్పటికీ అదే మందు. వారానికి రెండుసార్లు నీళ్లు మార్చండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. మైదా, బంక అన్నం లాంటివి అంటించడానికి వాడొద్దు. ఎలుకలు తీగల పైపొర కొరుకుతాయి కాబట్టి బల్ల కింది తీగలు పీవీసీ గొట్టంలో నడిపించండి.

చిన్న స్క్రూ కింద పడితే దొరకడం లేదు. ఏం చేయాలి?

కంసాలి దగ్గర కూర్చుని చూడండి. బంగారం రజను నేల పాలవకుండా ఒళ్లో గుడ్డో తోలో పరుచుకుంటారు. నేను బల్ల ముందు అంచుకి రెండు క్లిప్పులు పెట్టి తుండుగుడ్డ తగిలించాను, రెండో కొస నడుముకి దోపుకుంటాను. స్ప్రింగు ఎగిరినా అందులోనే పడుతుంది. లేచేముందు తుండు విప్పి దులపకుండా మడవాలి.

మొదట ఏ పనిముట్లు కొనాలి?

శ్రావణం (సన్న ముక్కలు పట్టుకునే పట్టకారు) రెండు రకాలు, సన్న ఆకురాయిల సెట్టు, పదునైన కత్తి, స్టీలు స్కేలు, చిన్న మూలమట్టం, చేతి బరమా, టంకం కడ్డీ, మల్టీమీటరు. కంసాలి సామాను అమ్మే షాపులో, సెల్‌ఫోన్ రిపేరు సామాను షాపులో ఇవన్నీ దొరుకుతాయి. నలభై దాటినవాళ్లకు భూతద్దం దీపం కూడా కావాలి. మిగతావి అవసరం వచ్చినప్పుడు కొనుక్కోండి.

అద్దె ఇల్లండి, గోడకు మేకు కొట్టనివ్వరు. ఎలా?

పనిముట్ల పలకను గోడకు కాకుండా బల్ల వెనక కాళ్లకే నిలువుగా బిగించుకోండి. కాళ్లు బోల్టులతో ఊడేలా చేయిస్తే ఇల్లు మారేటప్పుడు ఆటోలో పట్టేస్తుంది.

మాది లంక గ్రామం. ఏటా వరద భయం. బల్ల పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, ఎత్తేసేలా పెట్టుకోవాలి. పై పలక రెండు ముక్కలుగా, ఇద్దరు మోయగలిగేంత బరువులో ఉండాలి. పట్టాలు బిగించిన లేఔట్‌ని నాలుగడుగులు మించని ముక్కలుగా చేసి, ప్రతి ముక్కకీ తీగలు ప్లగ్గుతో ఊడేలా కట్టండి. స్విచ్చు బోర్డు ఛాతీ ఎత్తున ఉండాలి. ఇంజన్లు, పెట్టెలు మూత బిగించే డబ్బాల్లో ఉంటే ఒక్క చేత్తో అటకెక్కించవచ్చు.

ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మొదటిది వినగానే డబ్బాలు పైకి పెట్టేయండి. రెండోదానికి ఇంట్లోవాళ్లు, పశువులు, బియ్యం, కాగితాలు చూసుకోవాలి, అప్పుడు బల్ల గురించి ఆలోచించే తీరిక ఉండకూడదు. 2022 జులైలో నీరు చూసినవాళ్లకి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

పిల్లల్ని బల్ల దగ్గరికి రానివ్వొచ్చా?

రానివ్వండి. టంకం, కత్తి, థిన్నర్ వాడే వేళ మాత్రం కాదు. చిన్న అయస్కాంతాలు, బటన్ సెల్లులు తాళం వేసిన సొరుగులో ఉండాలి. మింగితే ప్రాణాంతకం. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకి జల్లెడ పట్టడం, అయస్కాంతం తిప్పడం అప్పగిస్తే మీకన్నా ఓపికగా చేస్తారు.

బల్ల సిద్ధమైంది. దాని మీద మొదట ఏం చేయాలి?

వెనక అంచు వెంట నాలుగడుగుల తిన్నటి పట్టా ఒకటి వేసి, కరెంటు ఇవ్వండి. కొన్న ప్రతి ఇంజన్, చేసిన ప్రతి పెట్టె ముందు దాని మీద నడవాలి.

ఆ తర్వాత కోటిపల్లి చేయండి. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా వచ్చి గౌతమికి ఇవతలే ఆగిపోయే లైను అది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పీకేశారు, 2004లో మళ్లీ బండి నడిచింది. ఆ లైను మీద ఒంటిపెట్టె రైలుబస్సు తిరిగేది. ఒక ప్లాట్‌ఫాం, ఒక రైలుబస్సు, నాలుగు కొబ్బరిచెట్లు, వెనకాల గట్టు. హెచ్‌ఓలో కూడా నాలుగడుగుల పలక మీద పట్టేస్తుంది. పట్టా చివర ఆగిపోయే చోట బఫర్ దిమ్మె మీరే చేయండి. పాత పట్టా ముక్కలు రెండు, అడ్డంగా ఒక చెక్క ముక్క, నాలుగు చుక్కల టంకం చాలు.